ఏడిపించని ఉల్లి

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, దక్షిణాన ఇసుక నేలల మధ్య, విడేలియా అని ఒక చిన్న ఊరు వుంది. జనాభా పదివేల పైచిలుకు. కొండలు లేవు, జలపాతాలు లేవు, చూసి తీరవలసిన కట్టడాలు లేవు. అయినా వేసవిలో ఆ దేశంలో కూరగాయల కొట్టుకు వెళితే ఆ ఊరి పేరు కంటబడుతుంది, ఉల్లిగడ్డల మీద అంటించిన చిన్న చీటీల రూపంలో. మన బనగానపల్లె పేరు మామిడిపండు నెక్కి ఊరూరా తిరిగినట్టు, ఆ ఊరి పేరు ఉల్లిగడ్డ నెక్కి దేశమంతా తిరుగుతున్నది.

నేను కర్నూలు వాణ్ణి. ఉల్లి విషయంలో మాకు ఒకరు చెప్పవలసిన పని లేదని కొంచెం గర్వం కూడా వున్నవాణ్ణి. మా మేనమామగారి ఊరు కోడుమూరు పక్కన. చిన్నతనంలో సెలవులకు వెళితే ఉల్లి నారుమళ్ళ గట్లమీదే మా ఆటలు. గడ్డను పిడికిటితో చితక్కొట్టి జొన్నరొట్టెలో నంజుకుంటే, ముక్కులోంచి నడినెత్తికి ఎక్కేది ఘాటు. ఘాటు లేనిది ఉల్లిగడ్డే కాదని మా నమ్మకం.

2024 సెప్టెంబరు రెండో వారంలో మా ఆవిడా నేనూ అమ్మాయి దగ్గరికి వెళ్ళాము. వాళ్ళ కాపురం అట్లాంటా నగరానికి ఉత్తరాన ఆల్ఫరెట్టాలో. తెలుగువాళ్ళకు అక్కడ కొదవలేదు. మొదటి రోజు భోజనాల దగ్గర, పదేళ్ళ మా మనవరాలు పచ్చి ఉల్లిచక్రాలను జామకాయ ముక్కల్లా కరకర నమిలేస్తూ వుంటే నేను తెల్లబోయాను. నోట్లో వేసుకుని చూద్దును గదా, నీళ్ళు, చల్లదనం, వెనకనుంచి సన్నని తీపి. అంతే. ఘాటు అన్నది లేదు. అవి ఆ ఏటి పంటలో చివరి విడేలియా గడ్డలట. మా ఆవిడ వంటింట్లో నాలుగు తరిగి, కళ్ళు తుడుచుకోబోయి, తడి లేకపోవడంతో ఆశ్చర్యపడి, "ఏడిపించని ఉల్లిగడ్డేమిటండీ, చోద్యం కాకపోతే!" అంది. మర్నాడు దాంతోనే పులుసు పెట్టి, "నీళ్ళలో నీళ్ళు కలిసినట్టుంది" అని తీర్పు చెప్పింది. కాని పెరుగుపచ్చడిలోకి మాత్రం దానికి సాటి లేదని తానే ఒప్పుకుంది.

ఈ తీపి ఎక్కడిది? నేనూ అందరిలాగే చక్కెర ఎక్కువ కాబోలు అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఘాటైన ఉల్లిలో చక్కెర ఈ ఉల్లిలోకంటె తక్కువేమీ వుండదు, ఒక్కొక్కప్పుడు ఎక్కువే వుంటుంది. ఘాటు దాన్ని కప్పేస్తుంది, అంతే. ఉల్లి నేలలోని గంధకాన్ని పీల్చుకుని, కొన్ని పదార్థాలుగా మార్చి తన పొరల్లో దాచుకుంటుంది. కత్తి పడేసరికి కణాలు చిట్లి, అంతవరకు వేరువేరు అరల్లో వున్న ఆ పదార్థాలూ ఎంజైములూ కలుసుకుంటాయి. అప్పుడు పుట్టిన ఆవిరి కంటికి తగిలి నీళ్ళు తెప్పిస్తుంది. కన్నీటికి కారణమైన ఎంజైము ప్రత్యేకంగా ఒకటుందని జపాను శాస్త్రజ్ఞులు 2002లో కనిపెట్టారు. విడేలియా ఇసుకలో గంధకం చాలా తక్కువ. వున్న కాస్తా వానకు కొట్టుకుపోతుంది. కనుక ఆ ఉల్లికి దాచుకోవడానికి ఏమీ దొరకదు. దాని తీపి ఒకరు పెట్టినది కాదు, నేల పెట్టలేకపోయినందువల్ల బయటపడినది.

ఇది తెలిశాక, పెరట్లో ఆ ఉల్లి వేసి చూడాలని బుద్ధి పుట్టింది. అయితే ఒక చిక్కు. మావంటి వాళ్ళకు ఆ దేశంలో సాధారణంగా ఇచ్చే గడువు ఆరు నెలలు. విత్తనం చల్లింది మొదలు గడ్డ పీకేదాకా ఈ పంటకు పట్టేది ఎనిమిది నెలలు. "మామయ్యగారూ, మీరు వేసి వెళ్ళిపోతే తీసేదెవరండీ?" అన్నాడు అల్లుడు. ఎవరో ఒకరు తీస్తారులే నాయనా అన్నాను గాని, లోపల నాకూ ఆ బెంగ లేకపోలేదు. మనవరాలు మాత్రం, "నేనున్నాగా తాతయ్యా!" అని ఊరుకుంది.

అల్లుడు సాయంత్రం మన సరుకులమ్మే కొట్టునుంచి 'ఉల్లి విత్తనాలు' అని ఇంగ్లీషులో రాసివున్న పొట్లం తెచ్చాడు. వాసన చూస్తే నల్లజీలకర్ర! చూపుకు రెండూ నల్లగా మూడు పలకలుగా వుంటాయి గనుక పేరు అలా అంటుకుపోయింది గాని, ఆ చెట్టు వేరు, ఈ చెట్టు వేరు. వాటిని మా ఆవిడ పోపుల డబ్బాలో వేసుకుంది. తరవాత విత్తనాల వర్తకుల దగ్గరినుంచి గ్రానెక్సు అనే సంకరజాతి విత్తనం తెప్పించాము. విడేలియా ఉల్లి అంతా ఈ వంశానిదే. ఉల్లి విత్తనానికి ఆయువు తక్కువ. ఏడాది దాటితే మొలక తగ్గిపోతుంది. అందుకని ఏ ఏటికాయేడు కొత్త పొట్లం కొనుక్కోవలసిందే.

జాతి ఎన్నికలో ఇంకొక మెలిక వుంది. ఉల్లికి గడ్డ ఎప్పుడు ఊరాలో చెప్పేది పగటి పొద్దు. మన దేశపు ఉల్లీ, జార్జియా ఉల్లీ పగలు పన్నెండు గంటలకు చేరుతుండగానే గడ్డ కట్టడం మొదలుపెట్టే జాతులు. ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రంలో వాలావాలా అనే తీపి ఉల్లి వుంది. దానికి పద్నాలుగు గంటలకు పైబడిన పగలు కావాలి. దాన్ని తెచ్చి కర్నూల్లో వేస్తే కాడలే గాని గడ్డ రాదు. ఇక్కడి జాతిని వసంతంలో చికాగోలో వేస్తే, అప్పటికే పొద్దు పొడుగై వుంటుంది గనుక, పిల్లకాయగా వుండగానే గోలీకాయంత గడ్డ కట్టి ఊరుకుంటుంది. చుట్టాలకు విత్తనం పంచేముందు వాళ్ళ ఊరు ఎక్కడుందో అడగాలి.

సెప్టెంబరు మూడో వారంలో, లోతు తక్కువ తొట్లలో అరంగుళం లోతున గింజలు వేశాము. వారం దాటేసరికి ఒక్కొక్కటే కొక్కెంలా వంగిన మొలక పైకి వచ్చింది. మా సంతోషానికి దృష్టి తగిలినట్టుగా ఆ నెల 26, 27 తేదీల్లో హెలీన్ తుఫాను వచ్చిపడింది. అట్లాంటాలో రెండు రోజుల్లో 11 అంగుళాలకు పైగా వాన కురిసింది. నగరంలో అంత వాన లెక్కలు రాయడం మొదలుపెట్టాక పడలేదట. తొట్లన్నీ ఇంట్లోకి చేరాయి. మూడు రోజులు భోజనాల బల్ల మీద మా నారు, కింద మేము.

నారు పొడుగెక్కి వాలిపోతుంటే కత్తెరతో నాలుగంగుళాల ఎత్తుకు కత్తిరించాలి. కత్తిరించిన కొసలు చట్నీలోకి వస్తాయి. అల్లుడు నాలుగడుగుల వెడల్పూ ఎనిమిదడుగుల పొడుగూ వున్న చెక్క చట్రం చేసి పెరట్లో ఎత్తుమడి కట్టాడు. అట్లాంటా చుట్టూ ఎర్ర బంకమట్టి. చూస్తే రాయలసీమ జ్ఞాపకం వస్తుంది గాని గంధకాన్ని పట్టివుంచుతుంది. దానిమీద ఇసుకా, బాగా మగ్గిన ఎరువూ కలిపి పోశాము. బంకనేల గుల్లబారడానికి జిప్సం వెయ్యమని ఒక పొరుగాయన సలహా ఇచ్చాడు. మామూలు పంటకైతే మంచి మాటే. కాని జిప్సంలో వున్నదే గంధకం. తీపి ఉల్లికి అది పనికిరాదు. అమ్మోనియం సల్ఫేటూ అంతే. కాల్షియం నైట్రేటు కొద్దికొద్దిగా వెయ్యాలి. గడ్డ ఊరడం మొదలుపెట్టాక అదీ ఆపాలి.

నారు పెన్సిలుకంటె సన్నంగా వుండగానే నాటాలి. లావెక్కిన నారు చలికాలం గడిపితే వసంతంలో పూలకాడ వేసి గడ్డను చెడగొడుతుంది. డిసెంబరు మొదటి వారానికి మా నారు సిద్ధమైంది. నాటేముందు ఆ ఊరివాళ్ళు ఎలా నాటుతారో చూసివద్దామని అందరమూ కారులో బయలుదేరాము.

ఆల్ఫరెట్టానుంచి విడేలియా సుమారు 200 మైళ్ళు. అట్లాంటా దాటి మేకన్ దాకా ఎర్రనేల, ఎగుడుదిగుడు. మేకన్ దగ్గర సవానా వైపు రోడ్డుకు తిరిగాక భూమి చదునవుతుంది, రంగు మారుతుంది. ఒకానొక యుగంలో సముద్రపుటొడ్డు అక్కడిదాకా వుండేదట. ఆ సముద్రం వదిలిపోయిన ఇసుకలోనే ఈ తీపి అంతా వుంది. రోడ్డుకు రెండు పక్కలా పైను చెట్లు. దక్షిణానికి వెళ్ళినకొద్దీ తుఫాను చేసిన పని కంటబడింది. విరిగిన మానులు, వేళ్ళతో లేచిపోయిన పికాను తోటలు, కప్పులమీద నీలం పట్టాలు. రెండు నెలలు దాటినా ఆ గాయం మానలేదు. ఒక పికాను చెట్టు నిండుగా కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. వాటి మధ్యనే ఉల్లిమళ్ళు పచ్చగా మొదలవుతున్నాయి.

ఊళ్ళో ఉల్లికి ఒక మ్యూజియం వుంది, 2011లో తెరిచారు. అక్కడ తెలిసిన కథ ఇది. 1931లో టూంబ్స్ కౌంటీ రైతు మోజ్ కోల్మన్ వేసిన ఉల్లి ఘాటెక్కలేదు. ఘాటు లేని ఉల్లి ఎవరు కొంటారని ఆయన దిగులు. దేశమంతా ఆర్థిక మాంద్యంలో మునిగివున్న రోజులవి. అయినా ఎలాగో జనానికి రుచి చూపించి, 50 పౌన్ల బస్తా మూడున్నర డాలర్లకు అమ్మాడు. ఆ రోజుల్లో అది పెద్ద ధర. చుట్టుపక్కల రైతులు వెంటనే అందుకున్నారు. 1940 తరవాత రాష్ట్రం వారు విడేలియాలో రైతుబజారు కట్టించారు. ఆ కూడలిలో ఆగిన ప్రయాణికులు సంచీలు నింపుకుపోయి, ఊరి పేరును దేశమంతా మోశారు.

పేరు వచ్చాక దొంగపేర్లు రాకుండా వుంటాయా! ఎక్కడో పండిన ఉల్లిని ఆ ఊరి సంచుల్లో పోసి అమ్మడం మొదలైంది. రైతులు పోరాడి 1986లో రాష్ట్రంలో చట్టం తెప్పించుకున్నారు. 20 కౌంటీల పరిధిలో పండినది తప్ప మరొకటి విడేలియా ఉల్లి కాదు. 1989లో కేంద్ర ప్రభుత్వమూ అండగా నిలిచింది. 1990లో ఇది జార్జియా రాష్ట్రపు అధికార కూరగాయ అయింది. ఏటా ఏ తేదీకి ముందు గడ్డలు బజారుకు పంపకూడదో ఇప్పటికీ వ్యవసాయ కమిషనరు ప్రకటిస్తారు. మా పెరట్లో అదే విత్తనం, అదే రాష్ట్రం. అయినా దాన్ని ఆ పేరుతో పిలిచి అమ్మితే నేరమే.

ఇది విన్నప్పుడు నాకు మా ఊరి మార్కెట్టు యార్డు కళ్ళముందు మెదిలింది. లారీల బారులు, రాసులు, వాటి పక్కనే గోనె పరచుకుని పడుకున్న రైతులు. తిరిగివచ్చాక, 2025 ఆగస్టు చివర అక్కడ ధర ఎంతగా పడిపోయిందంటే, క్వింటాలు 1,200 రూపాయలకు ప్రభుత్వమే కొంటామని ముందుకు రావలసి వచ్చింది. కిలో పన్నెండు రూపాయలన్నమాట. బెంగుళూరు రోజ్ ఉల్లికీ, మహారాష్ట్రలో లాసల్‌గావ్ ఉల్లికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. కర్నూలు ఉల్లి అని గుర్తు వేసిన సంచీని మాత్రం ఏ కొట్లోనూ నేను చూడలేదు. పేరు వున్నంత మాత్రాన ధరలు పడవని కాదు. కాని ఏ గుణాన్ని చూసి ఒకప్పుడు కోల్మన్ దిగులుపడ్డాడో, ఆ గుణానికే ఆ ఊరివాళ్ళు పేరు పెట్టి కంచె వేసుకున్నారు. మా ఘాటుకు ఆ భాగ్యం ఎప్పుడో!

మ్యూజియం నుంచి పొలాలకు వెళ్ళాము. ఇంత యంత్రాల దేశంలోనూ ఉల్లినారు చేత్తోనే నాటుతున్నారు. ముందు ఒక బండి మేకుల చక్రాలతో మడిమీద వరసగా బెజ్జాలు పొడుచుకుపోతుంది. వెనకనుంచి మనుషులు నడుములు వంచి, ఒక్కొక్క బెజ్జంలో ఒక్కొక్క మొక్క నొక్కుకుంటూ పోతారు. ఆ చేతుల వడి చూస్తే మన వరినాట్లు జ్ఞాపకం వచ్చాయి, పాట ఒక్కటే తక్కువ. వాళ్ళు చాలామంది మెక్సికోనుంచి వచ్చినవాళ్ళు. గట్టు దగ్గర మంచినీళ్ళకు వచ్చిన ఒకతన్ని మా మనవరాలు బడిలో నేర్చిన స్పానిషులో పలకరించింది. పని వున్నంత కాలానికే వీసా అట. ఇంటిదగ్గర ఇద్దరు పిల్లలట. "ఈ గడ్డలు నువ్వే తీస్తావా?" అని అడిగితే, పిలిస్తే వస్తాను అని నవ్వాడు. తీయడమూ అక్కడ చేతిపనే. గడ్డ కింద వేళ్ళు కోసి నాలుగు రోజులు పొలంలోనే ఆరనిచ్చి, కత్తెరలతో కాడా వేళ్ళూ తీసి బస్తాలకెత్తుతారు. చర్మం పలచన, నీరు ఎక్కువ గనుక మొరటుగా పట్టుకుంటే దెబ్బతింటుంది. నాటినవాడు తినడం, తిన్నవాడు నాటడం అక్కడా అరుదే అనుకున్నాను. నా ఆరు నెలల బెంగ కొంత తేలికపడింది.

మర్నాడు ఉదయమే మేము నూరు మొక్కలు నాటాము. జానెడుకు తక్కువ ఎడం, అంగుళం లోతు, అంతకు మించి పూడ్చకూడదు. వేళ్ళు పైపైనే వుంటాయి గనుక నీరు తప్పకూడదు. నీటికి కటకటపడిన ఉల్లికి ఘాటెక్కుతుంది. కలుపు చేత్తోనే తియ్యాలి. జనవరి 10న మంచు కురిసి మడి అంతా తెల్లబడింది. ఆ నెల 20 దాటాక చలి ఫారన్‌హీటు 20 డిగ్రీల కిందికి దిగింది. ఉల్లి కొంత చలికి ఓర్చుకుంటుంది గాని అంతకు కాదు. పాత దుప్పట్లు కప్పాము. "మనకు లేకపోయినా వాటికి కప్పండి" అని మా ఆవిడ ఎత్తిపొడిచింది గాని, చివరి దుప్పటి తెచ్చి ఇచ్చింది తనే. పది, పన్నెండు మొక్కలు పోయాయి.

మార్చి మధ్యలో మేము బయలుదేరేనాటికి కాడలు జానెడు దాటాయి, గడ్డ ఇంకా లేదు. మనవరాలికి ఒక కాగితం మీద అన్నీ రాసి ఇచ్చాను. ఒక్కొక్క కాడకు గడ్డలో ఒక్కొక్క పొర. కాడలు లెక్కపెడితే లోపలి పొరలు తెలుస్తాయి. పూలకాడ వేసినదాన్ని ముందుగా పీకి వండుకోవాలి. గడ్డ భుజాలు మట్టిపైకి తేలితే కప్పకూడదు. కాడలు వాటంతట అవే మెడ దగ్గర వాలిపోయేదాకా తొందరపడకూడదు. వాలాక పీకి, గాలి ఆడే నీడలో మెడ ఎండేదాకా ఆరబెట్టాలి. విమానం ఎక్కేముందు మడి దగ్గరికి వెళ్ళి చూశాను. పిల్లకు చెప్పవలసింది ఇంకేమైనా వుందా అని వెతుక్కున్నాను. ఏమీ లేదు.

మే నెల మూడో వారంలో కర్నూల్లో రాత్రి భోజనాలయ్యాక ఫోను మోగింది. డెబ్బై నాలుగు గడ్డలు తీశారట. గుండ్రంగా, పైనా కిందా కాస్త అణిగి, పసుపు పచ్చగా వున్నాయి. ఒకటి మా ఎదుటనే కోసింది పిల్ల. తిని, కాసేపు ఆలోచించి, "తాతయ్యా, తియ్యగానే వుంది గాని కొంచెం కళ్ళు మండాయి" అంది. ఇసుక పోసినా, అడుగునున్న ఎర్రమట్టి తన గుణం కొంత చూపించిందన్నమాట. మా ఆవిడ మొహం విప్పారింది. "అయితే పులుసులోకి పనికొస్తాయే!" అంది.

తీపి ఉల్లికి వున్న లోపం నిలవ. ఘాటే ఉల్లికి కాపలాదారు. అది తగ్గి, నీరు పెరిగినకొద్దీ కుళ్ళు తొందరగా వస్తుంది. విడేలియా వర్తకులు 1990 ప్రాంతాలనుంచి ఆపిలుపళ్ళను దాచే పద్ధతిలో, ప్రాణవాయువు తగ్గించిన చల్లని గదుల్లో నెలల తరబడి నిలవపెడుతున్నారు. ఇళ్ళలో అక్కడివాళ్ళ చిట్కా వేరు. ఆడవాళ్ళు తొడుక్కునే పొడుగు మేజోళ్ళలో ఒక గడ్డ వేసి ముడి, మళ్ళీ ఒక గడ్డ వేసి ముడి, ఇలా దండలా కట్టి వేలాడదీస్తారు. ఒకదానికొకటి తగలవు గనుక కుళ్ళు అంటుకోదు. కావలసినప్పుడు ముడి కింద కత్తిరించి ఒకటి తీసుకుంటారు. మా అమ్మాయి గరాజులో అటువంటివి ఆరు దండలు వేలాడదీసింది. జూలై నెలాఖరుకు ఆఖరి ముడి కోసేశారు. కర్నూలు గడ్డ అయితే ఇంకా కొన్నాళ్ళు నిలిచేది, ఆ మాట నేను ఫోనులో చెప్పకుండా వుండలేకపోయాను.

సెప్టెంబరులో మనవరాలు మళ్ళీ ఫోను చేసింది. ఈ ఏడు మేము రావడం లేదని దానికి తెలుసు. తొట్లు కడిగి, మట్టి నింపి, గింజలు తనే వేసిందట. పొట్లం కొత్తదేనా, పోయినేటిది కాదు గదా అని అడిగాను. కొత్తదేనట.